కాపలా ఎముకకి, పని గుండెకి

గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చినవాళ్లు, వాళ్లని చూసుకుంటున్నవాళ్లు రాసిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. లేవొచ్చా, ఎత్తొచ్చా, బండి నడపొచ్చా, ఉద్యోగానికి వెళ్లొచ్చా... చూడ్డానికి చిన్న ప్రశ్నలే. కానీ వీటికి సరైన జవాబు తెలియకే కొందరు నెలల తరబడి మంచానికి అతుక్కుపోతున్నారు, ఇంకొందరు పదో రోజుకే బరువులెత్తేసి మళ్లీ ఆస్పత్రి పాలవుతున్నారు. అందుకే మిగతా విషయాలు పక్కనపెట్టి ఈ నెల మొత్తం దీని మీదే రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. నేను చెప్పే రోజులు, వారాలు ఛాతీ మధ్య ఎముకని కోసి చేసిన ఆపరేషన్‌కి, పెద్ద ఇబ్బందులు లేకుండా కోలుకుంటున్నవాళ్లకి సంబంధించినవి. పక్కటెముకల సందులోంచి చిన్న కోతతో చేసినవాళ్లకీ, గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకీ లెక్క వేరు. మీ సర్జన్ మీకు వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. బైపాస్ అయి మూడు వారాలైంది. డాక్టరుగారు నడవమన్నారు గానీ అమ్మకీ నాకూ భయం, మంచం దిగనివ్వడం లేదు. మంచినీళ్లు కూడా చేతికే అందిస్తున్నాం. నడిస్తే లోపల కుట్లు తెగుతాయేమోనని అమ్మ టెన్షన్. నిన్న బాత్రూమ్ దాకా వెళ్లొచ్చేసరికే ఆయాసపడ్డారు. ఇంకొన్నాళ్లు పడుకోబెట్టడమే మంచిది కదండీ?

జవాబు: వద్దమ్మా, పడుకోబెట్టకండి. కాకపోతే ముందు ఆ ఆయాసం సంగతి ఈరోజే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పండి. మూడో వారంలో నాలుగడుగులకే ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందా, రక్తం తగ్గిందా, గుండె లయ తప్పిందా అని ఒకసారి చూడాలి. బైపాస్ తర్వాత లయ తప్పడం, ఊపిరితిత్తుల చుట్టూ కాస్త నీరు చేరడం అరుదేమీ కాదు, రెండింటికీ వైద్యం ఉంది. అవేవీ కాదని తేలితే ఇక అనుమానించాల్సింది మంచాన్నే.

ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషిని కూడా మంచం ఎంత పీల్చేస్తుందో చెప్తాను. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లని, నిక్షేపంలాంటి ఆరోగ్యంతో ఉన్న ఐదుగురిని, మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. కష్టపడి పనిచేసేటప్పుడు ఒళ్లు ఆక్సిజన్‌ని వాడుకోగల శక్తి వాళ్లలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పిలిచి చూస్తే, ముప్పై ఏళ్ల వయసు తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది. మీ నాన్నగారు కూడా ఇప్పుడు సరిగ్గా మూడు వారాల దగ్గరే ఉన్నారు.

ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లని డాక్టర్లే వారాల తరబడి కదలనిచ్చేవాళ్లు కాదు. 1952లో లెవీన్, లౌన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు అలాంటి రోగుల్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల నష్టం లేదని చూపించారు. పద్ధతి మారడం అక్కడ మొదలైంది. ఇప్పుడు బైపాస్ అయిన మర్నాడే చాలామందిని ఐసీయూలోనే కుర్చీలోకి దింపుతున్నారు. అంత పెద్ద ఆపరేషన్ మర్నాడే లేచి కూర్చున్న మనిషిని మూడు వారాల తర్వాత ఇంట్లో పడుకోబెట్టడం న్యాయం కాదు కదా.

ఇక కుట్ల భయం. గుండె మీద రక్తనాళాన్ని కుట్టిన దారం సన్నగా ఉన్నా చాలా గట్టిది. ఆపరేషన్ అయిన క్షణం నుంచీ రక్తపు ఒత్తిడిని తట్టుకుంటూనే ఉంది. నడిస్తే తెగిపోయేదైతే సర్జన్ నడవమని చెప్పడు. ఈ మాట మీ అమ్మగారికి చదివి వినిపించండి.

డాక్టరు సరేనన్నాక ఇంట్లోనే చదునైన చోట 5 నిమిషాలతో మొదలుపెట్టండి, రోజుకి మూడు నాలుగు సార్లు. అది సుఖంగా ఉందనిపించాక ఒక్కోసారికి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ పోండి. ఆరో వారం వచ్చేసరికి ఏకబిగిన అరగంట నడవగలిగితే బాగా కోలుకుంటున్నట్టే, అయితే మీ నాన్నగారు ఆలస్యంగా మొదలుపెడుతున్నారు కాబట్టి ఇంకో రెండు వారాలు పట్టినా కంగారుపడొద్దు. భోజనం అయ్యాక గంట ఆగి నడవాలి. ఎండ మండిపోతున్నప్పుడూ, చలి కొరుకుతున్నప్పుడూ బయట వద్దు. వేగం సంగతికొస్తే, నడుస్తూ పక్కనున్నవాళ్లతో మామూలుగా మాట్లాడగలగాలి. మాట మాటకీ ఊపిరి కోసం ఆగాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. చాలామంది నాడి పట్టుకుని లెక్కపెడుతుంటారు గానీ బైపాస్ అయినవాళ్లలో ఎక్కువమంది మెటోప్రొలాల్ లాంటి గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడుతుంటారు, ఆ మాత్రల మీద నాడి మామూలుగా పెరగాల్సినంత పెరగదు, కాబట్టి అంకె చూసి తక్కువే ఉందిగా అని పరుగులు పెట్టకూడదు. మాటే మంచి కొలత.

నడుస్తుంటే ఛాతీలో బిగుతు, తల తిరగడం, చల్లటి చెమట, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం లాంటివి వస్తే వెంటనే కూర్చోబెట్టండి. కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్సు పిలవాల్సిందే, తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. ఇంకో చిన్న అలవాటు చేయండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టల్లో బరువు చూసి కాగితం మీద రాయండి. ఒక్క రోజులో కిలోకి పైగా గానీ, వారంలో రెండు కిలోలకి పైగా గానీ పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. ఫోన్ చేయండి.

మంచినీళ్లు ఆయన్నే వెళ్లి తెచ్చుకోనివ్వండి. స్నానం, బట్టలు మార్చుకోవడం, తన మంచం తను సర్దుకోవడం ఇప్పటికి ఆయనకి సరిపడా వ్యాయామం. మీకు భయంగా ఉంటే పక్కన నిలబడండి, చేయి మాత్రం అందించకండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. బైపాస్ అయి నెల దాటింది. రోజూ నడుస్తున్నాను, బాగానే ఉంది. కానీ ఇంటి పనుల్లో ఏది చేయాలో ఏది కూడదో తెలియడం లేదు. "బరువులెత్తొద్దు" అన్నారంతే. రెండేళ్ల మనవడు ఎత్తుకోమని ఏడుస్తాడు. జుట్టు దువ్వుకోవడానికి చేతులెత్తాలన్నా భయమే. పక్కకి తిరిగి పడుకోవచ్చా?

జవాబు: "బరువులెత్తొద్దు" అని వదిలేస్తే అది సగం మాటే అవుతుందమ్మా. బరువంటే ఎంత, ఎన్నాళ్లు, అసలు ఎందుకు అన్నది కూడా చెప్పాలి. ఎందుకో తెలిస్తే మిగతావి మీకే అర్థమవుతాయి.

మీ గుండెకి కావలసిన రక్తం ఇప్పుడు అందుతోంది. ఈ మూడు నెలలూ మీ మీద ఉన్న ఆంక్షల్లో ఎక్కువ భాగం గుండె కోసం కాదు, ఛాతీ మధ్య ఎముక కోసం. ఆపరేషన్‌లో దాన్ని నిలువునా కోసి, పని అయ్యాక స్టీలు తీగలతో బిగించి కట్టారు. ఆ తీగలు జీవితాంతం అక్కడే ఉంటాయి, తీయాల్సిన పని లేదు. చేయి విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతాం, ఈ ఎముకకి ఆ అవకాశం లేదు, ఊపిరి తీసిన ప్రతిసారీ కదులుతూనే అతుక్కోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒక మాదిరిగా, మూడు నెలలకి గట్టిగా కలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి, పొగ తాగేవాళ్లకి, ఒళ్లు బరువుగా ఉన్నవాళ్లకి ఇంకా ఆలస్యం కావచ్చు. ఈలోగా ఎముక రెండు ముక్కల్నీ చెరోవైపు లాగే పని ఏదైనా ప్రమాదమే, లాగని పని ఏదైనా దాదాపు పర్వాలేదు.

సాధారణంగా చెప్పే హద్దు 4 నుంచి 5 కిలోలు. రెండేళ్ల పిల్లాడు 11, 12 కిలోలుంటాడు, పైగా చేతుల్లోకి రాగానే ఊరికే ఉండడు, ఎగిరి గెంతుతాడు. కాబట్టి మూడు నెలలు నిండి డాక్టరు సరేననేదాకా ఎత్తుకోవద్దు. అలాగని దగ్గరికి రానివ్వకుండా ఉండాల్సిన పని లేదు. మీరు వీపు ఆనించి కుర్చీలో కూర్చోండి, ఛాతీకి అడ్డంగా ఒక దిండు పెట్టుకోండి, వేరేవాళ్లు వాణ్ణి తెచ్చి మీ ఒళ్లో పక్కకి కూర్చోబెడతారు. కాళ్లు ఆడించినా దిండుకే తగులుతాయి. నిండు బకెట్ కూడా మనవడి లాంటిదే, 15 లీటర్లది 15 కిలోలు. మగ్గుతో కొంచెం కొంచెం నింపుకోండి, లేదా షవర్ కింద స్నానం చేయండి.

బరువు ఒక్కటే కాదు, చేతులు ఎంత దూరం చాచామన్నదీ ముఖ్యమే. రెండు కిలోల గిన్నెనైనా చేయి బారచాచి ఒక్క చేత్తో లేపితే ఛాతీ మీద పడే లాగుడు ఎక్కువ. అదే మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనించి, వస్తువుని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, రెండు చేతులతో లేపితే ఎముకకి తెలియను కూడా తెలియదు. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, నడుము ఎత్తులో ఉన్నవి తుడవడం, నాలుగు గిన్నెలు కడగడం ఇప్పుడే చేసుకోండి. తడి బట్టలు మెలితిప్పి పిండటం, బిగుసుకుపోయిన సీసా మూత తిప్పడం, మంచాలు కుర్చీలు జరపడం, బరువైన తలుపులు తోయడం, ఊడవడం, గట్టిగా ఒత్తి నేల తుడవడం, ఇవి మూడో నెల తర్వాత. ఎవరైనా చేయి పట్టుకుని లాగి లేపబోతే వద్దనండి. ఇంట్లోవాళ్లు ప్రేమగా చేసే ఈ పని ఎముకకి చెరుపు చేస్తుంది.

జుట్టు నిక్షేపంగా దువ్వుకోండి. రెండు చేతులూ కలిపి, నెమ్మదిగా, నొప్పి లేనంత వరకు పైకెత్తొచ్చు. ఒక్క చేతిని వెనక్కి మెలితిప్పి లాగడమే కూడదు. భయపడి చేతులు అసలే కదపకుండా ఉంచుకుంటే నెల తిరిగేసరికి భుజాలు బిగుసుకుపోతాయి, అప్పుడు దానికో వైద్యం. రోజుకి రెండుసార్లు భుజాలు గుండ్రంగా తిప్పండి. ఆడవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, రొమ్ముల బరువు కిందికి లాగుతుంటే గాయం పై భాగం మీద ఒత్తిడి పడి నొప్పీ, మానడంలో ఆలస్యమూ రెండూ ఉంటాయి. ముందు వైపు హుక్కులుండే మెత్తటి బ్రా, గాయాన్ని ఒరుసుకోనిది, పగలూ రాత్రీ వేసుకుంటే ఎంతో సుఖం.

పక్కకి తిరిగి పడుకోవచ్చు, నొప్పి లేకపోతే. వీపు వెనక ఒక దిండు, ఛాతీ ముందు ఒక దిండు పెట్టుకోండి. బోర్లా మాత్రం మూడు నెలలు వద్దు. లేచేటప్పుడు వెల్లకిలా నుంచి సూటిగా లేవకండి. మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒక్కసారే పక్కకి తిప్పి, కాళ్లు మంచం కిందికి వదలండి. ఆ కాళ్ల బరువుకే నడుము పైభాగం సగం లేస్తుంది, మిగతా సగానికి మోచేతిని కొద్దిగా ఆనిస్తే చాలు. లేచాక ఒక నిమిషం అలాగే కూర్చుని అప్పుడు నిలబడండి, బీపీ మాత్రల మీద ఉన్నవాళ్లకి తల తిరిగేది ఆ నిమిషంలోనే. దగ్గు, తుమ్ము వస్తుంటే ఆపుకోకండి, దిండుని రెండు చేతులా ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గండి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, ఊపిరి బిగబట్టి ముక్కడం ఇటు ఎముకకీ అటు బీపీకీ మంచిది కాదు, కాబట్టి మొహమాటపడకుండా డాక్టరుని అడిగి మందు తెచ్చుకోండి.

ప్రశ్న: వయసు 46. గుండె ఎడమ వైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు తీసి మెటల్ వాల్వు వేశారు, ఏడు వారాలైంది. కారు, మోటార్ సైకిల్ ఎప్పటి నుంచి నడపొచ్చు? కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, ఎప్పుడు చేరొచ్చు? రాత్రిపూట ఛాతీలోంచి టిక్ టిక్‌మని వినిపిస్తూ నిద్ర పట్టడం లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: టిక్ టిక్ గురించి ముందు. అది వాల్వు రెక్కలు మూసుకునే చప్పుడు, అంటే వాల్వు తన పని తాను చేస్తోందని. మెటల్ అంటాం గానీ ఇప్పటి వాల్వుల రెక్కలు గట్టి కార్బన్‌తో చేస్తారు, అందుకే ఆ చప్పుడు అంత స్పష్టంగా ఉంటుంది. ఫ్యాన్ వేసుకుని పడుకుంటే కొంత కలిసిపోతుంది, కొన్నాళ్లకి మనసే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అది వినిపించడం ప్రమాదం కాదు. ఉన్నట్టుండి మందగిస్తే, మారిపోతే, దాంతోపాటు ఆయాసం వస్తే మాత్రం ప్రమాదం. వాల్వు మీద రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కారు చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత ఇస్తారు, కాబట్టి మీకు టైమైతే వచ్చింది. అయినా ఇంజిన్ ఆపి ఉన్న కారులో కూర్చుని చూసుకోండి. సడన్ బ్రేక్ పూర్తి బలంతో తొక్కగలుగుతున్నారా, స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ఛాతీలో నొప్పి వస్తోందా, మెడ తిప్పి వెనక్కి చూడగలుగుతున్నారా? మగత తెచ్చే నొప్పి మాత్రలు వేసుకుంటున్నంత కాలం నడపకూడదు. డాక్టరు అనుమతి, బండి ఇన్సూరెన్స్ నిబంధన రెండూ అడిగి తెలుసుకోండి. సీటు బెల్టు ఒత్తుకుంటోందని పెట్టుకోకుండా కూర్చునేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, గాయం మీద ఒక చిన్న తువ్వాలు మడిచి వేసుకుని బెల్టు పెట్టుకోండి. మోటార్ సైకిల్‌కి మాత్రం మూడు నెలలు ఆగండి. హ్యాండిల్ లాగుతుంది, గుంతల్లో కుదుపు నేరుగా చేతుల్లోంచి ఛాతీకి వస్తుంది, పైగా వార్ఫరిన్ మీద ఉన్న మనిషి కింద పడితే మామూలు దెబ్బ కూడా పెద్దదే అవుతుంది.

ఉద్యోగం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టొచ్చు, వీలైతే మొదటి రెండు వారాలు సగం పూటే వెళ్లండి. పని కంటే ప్రయాణమే ఎక్కువ అలసట ఇస్తుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి. బరువులు మోసే పనివాళ్లయితే మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

వార్ఫరిన్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మామూలు జీవితంలోకి వెళ్లే హడావుడిలో మర్చిపోయేది దాన్నే. రోజూ ఒకే టైముకి వేసుకోండి. మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. మైట్రల్ మెకానికల్ వాల్వుకి, అంటే మీ మెటల్ వాల్వు లాంటిదానికి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె) సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు, మీ డాక్టరు మీకు చెప్పిన అంకె రాసి పెట్టుకోండి. ఆకుకూరలు మానేయనక్కర్లేదు, వారానికి తినే పరిమాణం ఒకేలా ఉంటే చాలు. ఒళ్లు నొప్పులని ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా కొని వేసుకోవద్దు. తలకి దెబ్బ తగిలితే పైకి రక్తం కనిపించకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. పంటి వైద్యానికి వెళ్తే వాల్వు సంగతి ముందే చెప్పండి, ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయట కదా అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. అవి మెకానికల్ వాల్వుకి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని ఇలాంటి వాల్వులున్నవాళ్ల మీద పరీక్షిస్తే గడ్డలు కట్టడం, రక్తస్రావం రెండూ ఎక్కువై ఆ పరీక్షనే మధ్యలో ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి.

ప్రశ్న: మావారికి 63. బైపాస్ అయి అయిదు వారాలు. ఎప్పుడూ గుండె నిబ్బరం ఉన్న మనిషి. ఇప్పుడు టీవీ చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు, చిన్నదానికే కసురుకుంటున్నారు. పేపరు చదివితే గుర్తుండడం లేదంటున్నారు. రాత్రి నిద్ర లేదు. ఆపరేషన్‌లో మెదడుకేమైనా అయిందా?

జవాబు: మీరు రాసినవన్నీ ఈ ఆపరేషన్ తర్వాత చాలామందిలో కనిపించేవే. ఒళ్లు పెద్ద దెబ్బ తిని లేచింది, మత్తు, ఐసీయూ, నొప్పి, నిద్ర లేమి అన్నీ కలిశాయి, దానికితోడు చావుని దగ్గరగా చూసొచ్చానన్న ఆలోచన లోపల తిరుగుతుంటుంది, బయటికి మాత్రం ఎవరూ అనరు. మతిమరుపు, మనసు నిలవకపోవడం ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో సర్దుకుంటాయి. చూపు కాస్త మసకగా ఉందన్నా అంతే, కళ్లద్దాలు ఇప్పుడే మార్పించకండి, రెండు నెలలు ఆగండి.

అయితే ఇదంతా మామూలేలే అని వదిలేయకూడని గీత ఒకటుంది. దిగులు రెండు వారాలకి మించి రోజూ ఉంటే, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోతే, మాత్రలు వేసుకోనని మొండికేస్తే డాక్టరుకి చెప్పండి. డిప్రెషన్ ఉన్నవాళ్లు గుండె పరంగా కూడా ఆలస్యంగా కోలుకుంటారు, నడవరు, మందులు మానేస్తారు. దానికి మంచి వైద్యం ఉంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. "నేను బతికి ఏం లాభం" లాంటి మాట వస్తే ఆరోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఇక మూతి పక్కకి పోవడం, ఒక చేయి పట్టు తప్పడం, మాట తడబడటం ఉన్నట్టుండి వస్తే అది పక్షవాతం, నిమిషం కూడా ఆగొద్దు.

నిద్రకి, పగటి కునుకుని అరగంటకి కుదించండి. పడుకోబోయే ముందు నొప్పి మాత్ర వేసుకునేలా డాక్టరుని అడగండి, ఎందుకంటే చాలామంది పగలు మాత్ర మింగి, రాత్రి నొప్పితో దొర్లుతుంటారు. పొద్దున ఎండలో నడిపించండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటి విషయాలు ఆయన దగ్గర దాచకండి. టెన్షన్ పడతారని బిల్లులూ లెక్కలూ అన్నీ పిల్లలు లాగేసుకుంటే ఆయనకి తెలిసేది ఒక్కటే, తన అవసరం తీరిపోయిందని. ఓ చిన్న బాధ్యత తిరిగి ఆయన చేతికివ్వండి. మరి మీరు సరిగ్గా పడుకుని ఎన్నాళ్లయింది? వారంలో రెండు రాత్రులైనా వేరేవాళ్లని ఆయన దగ్గర ఉంచి మీరు నిద్రపోండి.

ప్రశ్న: పేరు వేయొద్దు. వయసు 49. బైపాస్ అయి రెండు నెలలు. భార్యాభర్తలుగా ఎప్పుడు కలవొచ్చో డాక్టరుని అడగడానికి నోరు రాలేదు.

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఛాతీ నొప్పి, ఎక్కువ ఆయాసం లేకుండా ఎక్కగలిగితే గుండె దానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎముక కోసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు, మీకు అవి అయ్యాయి. చేతుల మీద బరువు మోపే భంగిమ, ఛాతీ మీద బరువు పడే భంగిమ ఇంకో నెల వద్దు. మొదట్లో కోరిక, పటుత్వం తగ్గినట్టుంటే అది దిగులు వల్ల కావచ్చు, మాత్రల వల్ల కావచ్చు, ఆ అనుమానంతో మాత్రలు సొంతంగా ఆపేస్తే గుండెకే ప్రమాదం, డాక్టరే మార్చి ఇస్తారు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు గానీ, రోజూ వేసుకునే నైట్రేట్లు గానీ వాడేవాళ్లు పటుత్వం కోసం సిల్డెనాఫిల్, టడాలఫిల్ లాంటివి వేసుకుంటే బీపీ ప్రాణం పోయేంతగా పడిపోవచ్చు. స్నేహితుడు ఇచ్చాడని, ఆన్‌లైన్‌లో దొరికిందని వేసుకోకండి.

ప్రశ్న: బైపాస్ కోసం కాలి నుంచి రక్తనాళం తీశారు. ఆ కాలు సాయంత్రానికి వాచిపోతోంది, చీలమండ దగ్గర మొద్దుబారినట్టుంది. నడవడం ఆపాలా?

జవాబు: ఆపకండి, నడకే దానికి మందు. తీసిన సిర పని మిగతా సిరలు అందుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టండి, కాలు మీద కాలు వేసుకోకండి. మొద్దుబారడం చర్మం కింది సన్నటి నరం వల్ల, నెలల్లో తగ్గుతుంది, కొంచెం మిగిలిపోయినా ఇబ్బంది లేదు. పిక్క పట్టేసి, వేడెక్కి, ఎర్రబడి నొప్పిగా ఉంటే, లేదా రెండు కాళ్లూ వాస్తుంటే మాత్రం చూపించండి.

ప్రశ్న: ఐదో వారం. దగ్గినప్పుడు ఛాతీలో ఎముక "టక్"మంటోంది. నొప్పేమీ లేదు, వదిలేయనా?

జవాబు: వదిలేయకండి. ఎముక ముక్కలు ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయేమో పరీక్షించాలి. రేపే వెళ్లండి, అప్పటిదాకా చేతులతో ఏ బరువూ ముట్టుకోవద్దు. దాంతోపాటు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటిన జ్వరం గానీ, గాయం ఎర్రబడటం, చీము, రసి కారడం గానీ ఉంటే రేపటిదాకా కూడా ఆగకుండా ఈరోజే వెళ్లండి.

ప్రశ్న: నేను గుండె శస్త్రచికిత్స వార్డులో స్టాఫ్ నర్సుని. డిశ్చార్జ్ రోజున పేషంట్లకి అన్నీ చెప్తాం, తలూపుతారు. వారం తర్వాత చూస్తే ఒక్కటీ గుర్తుండదు. ఎలా చెప్తే పని జరుగుతుంది?

జవాబు: మీరడిగినందుకే సంతోషంగా ఉందమ్మా, పైన ఉన్న ప్రశ్నల్లో సగం మీ చేతుల మీదుగా ఆగిపోవాల్సినవి. డిశ్చార్జ్ రోజు పేషంటు మనసు ఇంటి మీద ఉంటుంది, ఇంట్లోవాళ్ల మనసు బిల్లు మీద ఉంటుంది. ఆరోజు చెప్పింది ఎక్కదు. ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టండి, తర్వాత రోజుకి ఒక్క సంగతి చొప్పున చెప్పండి, ఇవాళ మంచం లేచే పద్ధతి, రేపు దగ్గడం, ఎల్లుండి నడక. డిశ్చార్జ్ రోజున కొత్తది ఏదీ ఉండకూడదు.

"అర్థమైందా?" అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. "ఇంటికెళ్లాక మీ ఆవిడ అడిగితే బరువుల గురించి ఏం చెప్తారు?" అని అడగండి. ఆయన నోటితో చెప్పించుకుంటే ఎక్కడ తప్పాడో అక్కడే తెలుస్తుంది, అది దిద్ది మళ్లీ చెప్పించండి. చేతలవి చేయించే చూడండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీ అంచుకి జరిగి, పాదాలు వెనక్కి పెట్టుకుని, ముందుకి వంగి, కాళ్ల బలంతో లేవమనండి. మీ ఎదురుగా నాలుగుసార్లు లేచిన మనిషి ఇంట్లో కూడా అలాగే లేస్తాడు. ఇంట్లో ఎవరు చూసుకుంటారో ఆ మనిషిని కూడా పక్కనే కూర్చోబెట్టండి, లేకపోతే మీరు నేర్పింది ఆ మనిషి భయం ముందు నిలబడదు. ఆస్పత్రిలోనో దగ్గర్లోనో గుండె పునరావాస కార్యక్రమం (కోలుకోవడానికి వ్యాయామం, జాగ్రత్తలు నేర్పేది) ఉంటే "వీలుంటే వెళ్లండి" అనకుండా మొదటి అపాయింట్‌మెంట్ మీరే వేయించి పంపండి. అలాంటి కార్యక్రమాలకి వెళ్లినవాళ్లు మళ్లీ ఆస్పత్రిలో చేరడం తగ్గుతుందని చాలా పరిశోధనల్లో తేలింది.

"జాగ్రత్తగా ఉండండి" అన్న మాట మానేయండి. ఆ మాట విన్నవాళ్లే మంచం దిగరు. దాని బదులు ఒక కాగితం మీద, చేతిరాతే అయినా సరే, ఏ పని, ఎంత, ఏ తేదీ నుంచి అని రాసివ్వండి. "ఆరు వారాల తర్వాత" అని కాకుండా క్యాలెండర్ చూసి తేదీయే వేయండి. వెనక వైపు ఏమేం కనిపిస్తే ఫోన్ చేయాలో రాసి, దాని కింద రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు ఎత్తే నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ నంబరుకి వాళ్లతోనే మీ ఎదుటే ఒకసారి చేయించండి.